లైన్ మీద గుండె దడదడలాడుతుంటే విల్లు ఎలా ఎక్కుపెట్టాలి

మొదటిసారి విలువిద్య పోటీకి వెళ్లిన పిల్లలు లైన్ (బాణాలు వేయడానికి నిలబడే గీత) మీద నుంచి వెనక్కి వచ్చి చెప్పే మాట దాదాపు ఒకటే. "సార్, ప్రాక్టీసులో బాగానే పడతాయి. ఇక్కడికొస్తే చేయి వణకతా ఉంది." తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా సెలక్షన్ల రోజు ఈ మాట వినని కోచ్ ఉండడు. పక్కనున్న పెద్దవాళ్లు వెంటనే "టెన్షన్ పడకురా" అంటారు. ప్రేమతోనే అంటారు గానీ దానివల్ల పని జరగదు. పడొద్దంటే ఆగిపోయేదైతే అసలు ఎవరికీ ఈ బాధే ఉండేది కాదు.

అందుకని ముందే ఒక మాట. టెన్షన్‌ను పోగొట్టుకోవడం ఎలా అని నేను చెప్పబోవడం లేదు. టెన్షన్ ఉండగానే బాణం సరిగ్గా వదలడం ఎలా అన్నది చెబుతాను. ఇవి రెండూ వేరువేరు పనులు. మొదటిదాని వెంట పడితే రెండోది రాదు.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో విలుకాళ్ల గుండె వేగాన్ని టీవీ తెర మీద చూపించారు. మహిళల వ్యక్తిగత ఫైనల్ సమమై, విజేతను తేల్చే షూట్ ఆఫ్‌కి వెళ్లింది. ఒక్కొక్కరికి ఒక్క బాణం. ఆ సమయంలో కొరియా అమ్మాయి ఆన్ సాన్ గుండె నిమిషానికి 118 సార్లు కొట్టుకుంటోంది, రష్యా క్రీడాకారిణి ఎలెనా ఒసిపోవాది 167. ఆన్ సాన్ 10 కొట్టింది, ఒసిపోవా 8. ఆ 118 చూసి "ఎంత ప్రశాంతంగా ఉందో" అని అందరూ మెచ్చుకున్నారు. కానీ ఊరికే కూర్చున్న మనిషికి గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. అంటే ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన అమ్మాయికి కూడా గుండె పరిగెత్తుతూనే ఉంది. ఆ పరుగులోనే ఆమె తన పని తాను చేసింది.

జింకను చూసిన వేటగాడి వణుకు

విల్లుతో జింకల వేటకు చట్టం ఒప్పుకునే అమెరికా లాంటి దేశాల్లో ఈ వణుకుకు ఒక పేరే ఉంది, బక్ ఫీవర్ అంటారు. చెట్టు మీద మంచె కట్టుకుని తెల్లవారుజాము నుంచి కదలకుండా కూర్చున్న మనిషికి, కొమ్ముల జింక ఎదురుగా రాగానే ఊపిరి అందదు, మోకాళ్లు వణుకుతాయి. గురి కుదరకముందే బాణం వదిలేస్తాడు. ఏళ్ల తరబడి వేటాడినవాళ్లకూ ఇది వస్తుంది.

మన దగ్గర ఆ మాటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. శేషాచలం కొండల్లో చుక్కల దుప్పులున్నాయి, కణుజులున్నాయి. అవి అక్కడే హాయిగా ఉండాలి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టడమే తప్పు, అందులో విల్లు కూడా వస్తుంది. కాబట్టి "తలకోన వైపు వెళ్లి చెట్లకు కొట్టి ప్రాక్టీస్ చేద్దాం", "పలమనేరు దగ్గర కౌండిన్య అడవిలో చూద్దాం" లాంటి ఆలోచనలు వద్దే వద్దు. అడవి అనుభవం కావాలనిపించేవాళ్లకు త్రీడీ ఆర్చరీ ఉంది. ఫోమ్‌తో చేసిన జంతువుల బొమ్మలను రకరకాల దూరాల్లో నిలబెడతారు. ప్రాణానికి ముప్పు లేదు, గురికి కావలసినంత పరీక్ష.

అయితే ఆ వేటగాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది ఒకటుంది. వాళ్లలో మంచివాళ్లు అనుమానం వస్తే బాణం వదలరు. లాగిన విల్లును మెల్లగా దించేస్తారు. గాయపడిన జంతువు అడవిలో బాధపడకూడదని వాళ్లు పెట్టుకున్న నియమం అది. మన పోటీల్లో దెబ్బ తగిలేది స్కోరుకే, కానీ నియమం మాత్రం అక్షరాలా పనికొస్తుంది. దాని గురించి కిందే వివరంగా చెబుతాను.

ముందు మీ వణుకు ఎక్కడుందో పట్టుకోండి

భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె, ఊపిరి వేగం అందుకుంటాయి. పరిగెత్తడానికో కలబడడానికో పెద్ద కండరాలు సిద్ధమవుతాయి. వేళ్లతో చేసే సున్నితమైన పని మాత్రం మొరాయిస్తుంది. ఇంతవరకూ అందరికీ ఒకటే. అది బయటపడే చోటు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది.

ఒకరు విల్లు పట్టును పిడికిలిలా బిగించేస్తారు. మరొకరికి ఎడమ భుజం చెవి దగ్గరికి పాకుతుంది. కొందరు ఊపిరి బిగబట్టి మరిచిపోతారు. కొందరు స్ట్రింగ్ (వింటినారి) గడ్డానికి తగిలీ తగలకముందే వదిలేస్తారు. ఇంకొందరికి పూర్తిగా తిరగబడుతుంది. లాగి పట్టుకుని ఎంతసేపైనా వదలలేక నిలబడిపోతారు.

మీది ఏ రకమో మీకు తెలియదు, ఎందుకంటే ఆ సమయంలో మీరు టార్గెట్‌ను చూస్తుంటారు. స్నేహితుడికి ఫోన్ ఇచ్చి పక్క నుంచి రెండు వీడియోలు తీయమనండి, ఒకటి మామూలు ప్రాక్టీసులో, ఒకటి పోటీలో. పక్కపక్కన పెట్టి చూడండి. స్ట్రింగ్ గడ్డానికి తగిలినప్పటి నుంచి బాణం వెళ్లేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. ప్రాక్టీసులో మూడు నాలుగు సెకన్లు పట్టేది పోటీలో ఒకటిన్నరకు పడిపోయిందా, ఎనిమిదికి పెరిగిందా? మీ జబ్బు అక్కడ దొరుకుతుంది.

బాణానికి ఐదు మాటలు

టెన్షన్‌లో మనసు ఖాళీగా ఉండదు. మీరు పని ఇవ్వకపోతే అదే వెతుక్కుంటుంది. "ఇది పోతే సెలక్షన్ పోతుంది", "నాన్న చూస్తున్నాడు", "పక్కవాడు 9 కొట్టాడు" అంటూ మొదలుపెడుతుంది. కాబట్టి దానికి మీరే పని పెట్టాలి. ప్రతి బాణానికీ ఒకే వరుసలో, మనసులో పలుకుకునే ఐదు మాటలు పెట్టుకోండి. నేను పిల్లలకు చెప్పే వరుస ఇది: కాళ్లు, పట్టు, భుజం, గడ్డం, వెన్ను.

కాళ్లు అన్నప్పుడు రెండు పాదాల కింద నేల తగులుతోందా అని చూసుకోవాలి. బరువు మడమల మీదికి వెళ్లిపోకూడదు. భయపడిన మనిషి తెలియకుండానే వెనక్కి వాలతాడు.

పట్టు దగ్గర కాస్త ఆగాలి. విల్లు గ్రిప్ ఆనేది అరచేయి మధ్యలో కాదు, బొటనవేలి మొదట్లో ఉన్న మెత్తటి కండ మీద. మిగతా వేళ్లు వదులుగా ఉండాలి. విల్లును చేతికి కట్టి ఉంచే తాడు, స్లింగ్, కట్టుకున్నది అందుకే, విల్లు కింద పడదు. బిగించి పట్టుకున్నారో లేదో తెలుసుకోవడానికి వేలి గోళ్లు చూసుకోండి. గోరు కొస తెల్లబడితే బిగించినట్టే. మరో చేతి వైపు, స్ట్రింగ్ మీద మూడు వేళ్లూ ఫింగర్ ట్యాబ్ (వేళ్లకు రక్షణగా పెట్టుకునే తోలు ముక్క) వెనక మొదటి కణుపు దగ్గర కొక్కెంలా పడాలి. పోటీ రోజు చాలామంది గోటి కొసలతో పట్టుకుంటారు, త్వరగా వదిలేయాలన్న ఆత్రంతో.

భుజం అంటే విల్లు ఎత్తాక ముందు భుజాన్ని కిందికి దింపి ఉంచడం. గడ్డం అంటే ఆంకర్, లాగిన చేయి ప్రతిసారీ వచ్చి ఆనే చోటు. చూపుడు వేలు దవడ ఎముక కిందకు చేరాలి, స్ట్రింగ్ గడ్డానికీ ముక్కు కొసకూ తగలాలి. ఈ రెండు చోట్లా తగిలిన స్పర్శ తెలియాలి. తెలియకపోతే ఆ బాణం ఇంకా మీ చేతిలోకి రాలేదన్నట్టే.

చివరి మాట వెన్ను. గురి చూస్తున్నంతసేపూ మనసులో ఉండవలసిన మాట ఇదొక్కటే. వీపు కండరాలతో ఇంకా కొంచెం వెనక్కి లాగుతూ ఉండాలి. రికర్వ్‌లో (కొసలు ముందుకు వంగిన విల్లు) క్లిక్కర్, అంటే బాణం పూర్తిగా వెనక్కి వచ్చిందని టక్కుమని చెప్పే రేకు, పడేదాకా, కాంపౌండ్‌లో (చక్రాలున్న విల్లు) రిలీజ్, అంటే స్ట్రింగ్‌ను పట్టి వదిలే పరికరం, దానంతట అది విడిపోయేదాకా. వదలాలి అనుకోకూడదు. లాగుతూ ఉండగా అది వెళ్లాలి.

ఈ ఐదు మాటలూ మీ సొంత మాటలైనా పర్వాలేదు, వరుస మారకూడదంతే. పోటీ ముందు రోజు కొత్త మాట చేర్చకండి.

సైట్ ఊగుతుంది, ఊగనివ్వండి

70 మీటర్ల రికర్వ్‌లో టార్గెట్ పేపర్ వ్యాసం 122 సెంటీమీటర్లు, అందులో 10 వలయం 12.2 సెంటీమీటర్లు. సైట్, అంటే విల్లుకు బిగించిన గురి చూసే పిన్ను, మన కంటికి దాదాపు రెండు మూరల దూరంలో ఉంటుంది. అక్కడ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే టార్గెట్ దగ్గర సుమారు 8 సెంటీమీటర్లు జరిగినట్టు లెక్క. ప్రాణమున్న ఏ చేయీ సైట్‌ను మిల్లీమీటరు కూడా కదలకుండా పట్టుకోలేదు. అయినా పెద్ద క్రీడాకారులు వరుసగా 10లు ఎలా కొడుతున్నారు? ఊగుతున్న సైట్‌ను ఆపాలని చూడరు కాబట్టి. అది టార్గెట్ మధ్యలోని పసుపు చుట్టూ తిరుగుతూ ఉంటుంది, వీపు తన పని చేసుకుపోతుంది, బాణం ఆ తిరుగుడు మధ్యలోకే వెళ్తుంది. ఆపాలని చేతిని బిగిస్తే ఊపు పెరుగుతుంది.

ఇక్కడే అర్జునుడి కథ గురించి కూడా చెప్పాలి. "అర్జునుడికి పక్షి కన్ను తప్ప ఏమీ కనబడలేదు, నువ్వూ అలాగే చూడు" అని మనం చిన్నప్పటి నుంచీ చెబుతాం. ఏకాగ్రత గురించి అంతకన్నా మంచి కథ లేదు. కానీ విల్లు నేర్చుకునే పిల్లాడికి ఆ ఒక్క కథే చెప్పి వదిలేస్తే ఇబ్బంది వస్తుంది. వాడు పసుపు చుక్కనే కళ్లార్పకుండా చూస్తాడు, సైట్ అందులోకి రాగానే వేళ్లు వాటంతటవే వదిలేస్తాయి. లేదా సైట్ పసుపు కింద ఎరుపులోనే ఇరుక్కుపోయి పైకి రానంటుంది. దీన్ని టార్గెట్ పానిక్ అంటారు. మంచి మంచి క్రీడాకారులు దీనివల్ల ఆట మానేసే దాకా వెళ్లారు. ఇది పిరికితనం కాదు. కన్ను చూసిందే సిగ్నల్ అని చేతికి అలవాటైపోయింది, అంతే.

దీనికి మందు టార్గెట్ పేపర్ తీసేయడం. మూడు నాలుగు మీటర్ల దూరంలో ఖాళీ బట్ (బాణాలు దిగే దిమ్మె) ముందు నిలబడి, ఐదు మాటలూ అనుకుంటూ బాణాలు వేయండి. స్ట్రింగ్ గడ్డానికి చేరాక కళ్లు మూసుకోండి. కోచ్ పక్కనే ఉండాలి, ముందు ఎవరూ ఉండకూడదు. వీపు లాగుతున్నదీ, వేళ్లు వదులైనదీ ఒంటికి తెలియాలి. కొన్ని వారాలు ఇదే పని. తర్వాత పెద్ద పేపర్ పెట్టి 10 మీటర్లు, అది కుదిరాక 18, ఆ పైన 30. ఎక్కడ మళ్లీ చేయి తొందరపడితే అక్కడి నుంచి ఒక మెట్టు వెనక్కి రండి. పిల్లలకు ఇది చాలా విసుగ్గా ఉంటుంది, స్కోరు లేకుండా బాణాలు వేయడం వాళ్లకు ఆటలా అనిపించదు. తల్లిదండ్రులు కూడా "ఇంకా దగ్గర నుంచేనా?" అంటారు. ఓపిక పట్టండి. ఇంతకంటే దగ్గర దారి నాకు కనబడలేదు.

దించడం నేర్చుకోండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. లాగిన ప్రతి బాణాన్నీ వదలనక్కర్లేదు.

ఐదు మాటల్లో ఏదైనా తప్పిందనిపించినా, మధ్యలో వేరే ఆలోచన దూరినా, పట్టుకుని ఐదారు సెకన్లు దాటి కండరం వణకడం మొదలైనా, విల్లు దించేయాలి. తప్పని తెలిసీ "ఎలాగోలా వెళ్తుందిలే" అని వదిలిన బాణం సాధారణంగా బయటి వలయాల్లో, నీలంలోనో నలుపులోనో దొరుకుతుంది. అది తెలిసి కూడా పిల్లలు దించరు. చూసేవాళ్లు నవ్వుతారని భయం. దించినవాణ్ని ముందుగా మెచ్చుకోవలసింది కోచ్. బాగా పడిన 10 కంటే సరైన సమయంలో దించిన బాణానికే నేను ఎక్కువ సంతోషిస్తాను, ఎందుకంటే ఆ పిల్లాడి చేతిలో విల్లు ఉంది, విల్లు చేతిలో వాడు లేడు.

దించడం కూడా ఒక పద్ధతి. బాణం కొస టార్గెట్ వైపే ఉండాలి. స్ట్రింగ్ వదలకుండా చేతిని మెల్లగా ముందుకు తేవాలి. కాంపౌండ్ అయితే వేలు రిలీజ్ ట్రిగ్గర్ మీద అస్సలు ఉండకూడదు. చక్రాలు తిరిగేటప్పుడు విల్లు ఒక్కసారిగా ముందుకు గుంజుతుంది, దానికి సిద్ధంగా ఉండాలి. బాణం లేకుండా స్ట్రింగ్‌ను లాగి వదిలేయడం ఏ విల్లుతోనూ చేయకూడదు, లింబ్స్ (విల్లు పై, కింది రెక్కలు) విరగొచ్చు.

ప్రాక్టీసులో ప్రతి ఎండ్‌లోనూ (ఒక విడతలో వేసే బాణాలు) ఒక బాణాన్ని కావాలనే దించి మళ్లీ లాగండి. అప్పుడే పోటీలో ఆ పని కొత్తగా అనిపించదు. "వ్యక్తిగత మ్యాచ్‌లో వంతులవారీగా వేసేటప్పుడు బాణానికి 20 సెకన్లే కదా సార్, దించితే టైమ్ ఏది?" అని అడుగుతారు. విల్లును ఎప్పుడు ఎత్తుతారన్నదే లెక్క. టైమ్ మొదలవగానే ఎత్తితే ఒకసారి దించి మళ్లీ లాగే వీలుంటుంది. పది సెకన్లు టార్గెట్ చూస్తూ నిలబడితే ఉండదు. ఫోన్‌లో 20 సెకన్ల టైమర్ పెట్టుకుని ఇది సాధన చేయండి.

కంగారులో బాణం స్ట్రింగ్ మీద నుంచి జారి కింద పడిందనుకోండి. లైన్ ముందు 3 మీటర్ల గీత ఉంటుంది. బాణంలో ఏ కాస్త భాగమైనా ఆ గీతకూ లైన్‌కూ మధ్య ఉంటే దాన్ని వదిలిన బాణంగా లెక్కించరు. దాని కోసం ముందుకు పరిగెత్తకండి. ఇంకో బాణం తీసి వేయండి, జడ్జికి చెప్పండి. ఇది తెలియక ఏడ్చిన పిల్లలున్నారు.

ఊపిరి

ఊపిరి బయటికి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. మన చేతిలో ఉన్న మీట అదొక్కటే. బాణానికీ బాణానికీ మధ్య ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరేడు అంకెలు వచ్చేదాకా నెమ్మదిగా వదలండి. రెండుసార్లు చాలు. గబగబా లోతుగా పీలిస్తే తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఇంకా కంగారు పుడుతుంది. విల్లు ఎత్తేటప్పుడు పీల్చండి, గడ్డానికి చేర్చేటప్పుడు సగం వదలండి, మిగతా సగంతో బాణం వెళ్లాలి.

దీన్ని సాధన చేయడానికి మన ఊళ్లో ఉన్నంత మంచి చోటు ఇంకెక్కడా లేదనుకుంటాను. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లున్నాయి. నడకకు వెళ్లినప్పుడు గుండె బాగా కొట్టుకునే వేగంతో కాసేపు ఎక్కి, ఒక పక్కకు తప్పుకుని నిలబడి, ఇలా ఊపిరి వదులుతూ ఎన్నో శ్వాసకు దడ నెమ్మదించిందో చూసుకోండి. వారాలు గడిచేకొద్దీ ఆ సంఖ్య తగ్గుతుంది. విల్లు, బాణాలు ఇంట్లోనే ఉండాలి, అది భక్తులు నడిచే దారి. ఆస్తమా, గుండె ఇబ్బందులు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే ఎక్కండి.

ప్రాక్టీసులోకి పోటీని తెచ్చుకోండి

రోజూ తెల్లవారి చల్లటి గాలిలో, స్నేహితుల మధ్య, ఎన్ని బాణాలైనా వేసుకునే వీలుతో ప్రాక్టీస్ చేసినవాడికి పోటీ ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది. కాబట్టి వారంలో రెండు మూడు రోజులు కావాలని ఇబ్బంది పెట్టుకోవాలి.

ఉదయం గ్రౌండ్‌కి రాగానే, ఒళ్లు కాస్త వేడెక్కాక, ఒకే ఒక్క బాణం వేయండి. అది ఎంత పడితే అంతే ఆ రోజు స్కోరు. పుస్తకంలో రాసుకోండి, రెండో అవకాశం లేదు. షూట్ ఆఫ్‌కి ఇంతకన్నా దగ్గరి అనుభవం లేదు. ఇంకోరోజు ఇద్దరు జతగా మ్యాచ్ ఆడండి, ఓడినవాళ్లు అందరి బాణాలూ పీకి తేవాలి. మరోరోజు బాణాలు, విల్లు స్టాండ్‌లో పెట్టేసి, గ్రౌండ్ చుట్టూ ఒక రౌండు పరిగెత్తి వచ్చి వెంటనే లైన్ మీద నిలబడండి. గుండె దడ ఎలా ఉంటుందో, ఆ దడలో సైట్ ఎలా ఎగురుతుందో అక్కడే అలవాటు కావాలి.

చప్పుడును తప్పించుకోకండి. మన ఊళ్లో మైకులకూ బ్యాండుకూ కొదవ లేదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజుల్లో డప్పులు ఎటునుంచి వినబడతాయో చెప్పలేం. "ఆ చప్పుడు ఆగాక వేస్తా" అని ఆగినవాడు పోటీలో దేనికోసం ఆగుతాడు? డప్పు మోగుతుండగానే కాళ్లు, పట్టు, భుజం.

ఎండ వేరే సంగతి, దాంతో పంతం పెట్టుకోకండి. తిరుపతి ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ప్రాక్టీస్ ఎక్కువగా ఉదయం పూటే పెట్టుకోండి. కానీ పోటీలు మధ్యాహ్నం దాకా సాగుతాయి కాబట్టి అప్పుడప్పుడు పదింటి ఎండలో రెండు మూడు ఎండ్‌లు వేసి చూడాలి. చెమట కనుబొమ్మ మీద నుంచి జారి సరిగ్గా గురి చూసే కంట్లోనే పడుతుంది. తోలు ట్యాబ్ తడిస్తే స్ట్రింగ్‌కు అంటుకుంటుంది, బాణం ఒక పక్కకు పోతుంది. పిల్లాడు అది టెన్షన్ అనుకుంటాడు, నిజానికి చెమట. నడుముకు చిన్న తువ్వాలు, టోపీ, ఉప్పు వేసిన మజ్జిగ ఉంటే ఇందులో సగం తీరిపోతుంది.

ముందు రోజు

కిట్ రాత్రే సర్దుకోండి. అదనపు స్ట్రింగ్, నాక్‌లు (బాణం వెనక స్ట్రింగ్‌కు తగిలించే గాడి ముక్కలు), రెండో ట్యాబ్, వయసు ధ్రువపత్రం, ఆధార్. ఉదయం ట్యాబ్ కనబడక ఇల్లంతా వెతికిన పిల్లాడు గ్రౌండ్‌కి వచ్చేసరికే సగం అలసిపోతాడు. రోజూ తినేదే తినండి, ఇడ్లీ అయినా రాగిజావ అయినా. కాఫీ అలవాటుంటే మామూలుగా తాగండి. అలవాటు లేకపోతే ఆ రోజు మొదలుపెట్టకండి.

బయటి ఊళ్ల నుంచి తిరుపతికి పోటీకి వచ్చే కుటుంబాలకు ఒక మనవి. స్వామి దర్శనం పోటీ అయ్యాక పెట్టుకోండి. ముందు రోజు క్యూలో గంటలు నిలబడి, అర్ధరాత్రి కొండ దిగి, ఉదయాన్నే లైన్ మీదికి వస్తే కాళ్లే నిలవవు. మొక్కు మొక్కుకుని పోటీకి రండి, తీర్చుకోవడానికి తర్వాత కొండెక్కండి.

"వణుకు తగ్గడానికి ఒక మాత్ర ఉందట" అని ఎవరైనా చెబితే వినకండి. గుండె దడ తగ్గించే బీటా బ్లాకర్లు ఆర్చరీలో నిషిద్ధం, పోటీ రోజే కాదు, మిగతా రోజుల్లో కూడా. దొరికితే డోపింగ్ కిందే లెక్క. డాక్టర్ సలహా లేకుండా వేసుకుంటే ఆరోగ్యానికీ ప్రమాదం. వైద్యం కోసం నిజంగా అవి వాడుతున్నవాళ్లు పోటీకి చాలా ముందే డాక్టర్‌తో, అసోసియేషన్‌తో మాట్లాడుకోవాలి.

చెడ్డ బాణం పడ్డాక

5 పడింది. ఇప్పుడేం చేయాలి?

ముందు మీరు ఏ ఆట ఆడుతున్నారో గుర్తు తెచ్చుకోండి. రికర్వ్ మ్యాచ్ సెట్ల లెక్క. సెట్ గెలిస్తే 2 పాయింట్లు, సమమైతే చెరొకటి, ముందుగా 6 చేరినవాళ్లు గెలిచినట్టు. ఆ 5 వల్ల పోతే ఆ సెట్ పోతుంది, తర్వాతి సెట్‌కి అది వెంట రాదు. కాంపౌండ్‌లో అలా కాదు. 15 బాణాల మొత్తం, 150కి ఎంత అన్నదే లెక్క, కాబట్టి పోయిన పాయింట్ అలాగే ఉంటుంది. కానీ అక్కడ ఎదుటివాళ్లకు కూడా 15 బాణాలే. పోయినదాన్ని ఒక్క బాణంతో వెనక్కి తేవాలన్న ఆత్రమే రెండో చెడ్డ బాణాన్ని తెస్తుంది.

కాబట్టి లైన్ మీద చేయవలసింది చిన్నదే. స్కోరు బోర్డు వైపు, పక్కవాడి టార్గెట్ వైపు చూడకుండా కళ్లు మీ పాదాల వైపు దించండి. ఒక పొడవైన నిశ్వాసం. తర్వాతి బాణం నాక్ పెట్టండి. కాళ్లు. అక్కడి నుంచి వరుస తెలిసిందే. గాలి మారిందా, సైట్ వదులైందా అన్న విచారణ ఎండ్ అయ్యాక కోచ్‌తో.

అన్నీ సరిగ్గా చేసినా ఓడిపోవచ్చు, అది కూడా తెలిసి ఉండాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ కెనడాకు చెందిన ఎరిక్ పీటర్స్‌తో షూట్ ఆఫ్ దాకా వెళ్లాడు. ఇద్దరూ 10 కొట్టారు. పీటర్స్ బాణం మధ్యకు కాస్త దగ్గరగా ఉంది, అంతే. అదే పోటీల ఫైనల్‌లో కొరియాకు చెందిన కిమ్ వూజిన్, అమెరికాకు చెందిన బ్రేడీ ఎలిసన్ కూడా షూట్ ఆఫ్‌లో చెరొక 10 కొట్టారు. 4.9 మిల్లీమీటర్ల తేడాతో బంగారం కిమ్‌కు దక్కింది. ఆ తేడాను ఏ విలుకాడూ కావాలని తెచ్చుకోలేడు. వదిలే తీరు వరకే మన చేతిలో ఉంటుంది. అందుకే ఓడిన పిల్లాణ్ని "ఎంత పడింది?" అని కాకుండా "ఎలా వదిలావు?" అని అడగాలి.

గట్టు మీద కూర్చున్న పెద్దవాళ్లకు

మీరు మంచికే అరుస్తారు. కానీ లైన్ మీదున్న పిల్లాడికి "ఒక్క 10 కొట్టప్పా చాలు" అన్న మాట బండరాయిలా పడుతుంది. కొట్టాలని వాడికి తెలియదా? పేరు పెట్టి పిలవకండి, వెనక నుంచి స్కోరు చెప్పకండి. మధ్యలో మీ దగ్గరికి వస్తే నీళ్లివ్వండి, నీడలో కూర్చోబెట్టండి. పక్కింటి పిల్లాడి స్కోరు సంగతి ఇంటికెళ్లాక కూడా ఎత్తకండి. కోచ్ కూడా ఆ రోజు ఒక్క మాటే చెప్పాలి, ఐదు మాటల్లో ఆ పిల్లాడికి ఎక్కువగా తప్పేది ఏదో అది. భుజం తప్పేవాడికి "భుజం", అంతే. పోటీ మధ్యలో కొత్త పాఠం చెప్పడం కంటే మాట్లాడకుండా ఉండటం మేలు.

సాయంత్రం, అలసట తీరాక, పిల్లాడి చేత పుస్తకంలో మూడు సంగతులు రాయించండి. ఎన్ని బాణాలు ఐదు మాటలతో వెళ్లాయి. ఎన్నింటిని దించాడు. దించాల్సి ఉండీ వదిలేసినవి ఎన్ని. స్కోరు కావాలంటే ఆ కింద రాసుకోవచ్చు. మర్నాటి ప్రాక్టీసులో మొదటి అరగంట ఏం చేయాలో ఆ మూడో అంకెను చూసి నిర్ణయించండి. అది పెద్దదైతే టార్గెట్ పేపర్ పెట్టకుండా ఖాళీ బట్ దగ్గరే మొదలుపెట్టండి.